మెల్‌బోర్న్‌లో చదువుకుంటూ వారాంతాల్లో ఊళ్లు తిరగడం ఎలా?

నగర శివారు టార్నీట్‌లోని గది నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి పనికి, పని నుంచి మళ్లీ గదికి. ఈ మూడు దారులు తప్ప మరొకటి తెలియకుండానే రెండేళ్ల కోర్సు ముగించిన తెలుగు పిల్లలను మెల్‌బోర్న్‌లో చాలామందిని చూశాను. అడిగితే అందరిదీ ఒకటే మాట: "కారు కొన్నాక తిరుగుదామనుకున్నాను." కారు కొనడానికి ఏడాది పడుతుంది. కొన్నాక దాని బీమా, రిజిస్ట్రేషన్, మరమ్మతుల ఖర్చు రాబట్టడానికి ఆదివారం కూడా పనికి వెళ్లవలసి వస్తుంది. ఇక తిరిగేది ఎప్పుడు? మొదటి సెమిస్టరులోనే, కారు లేకుండానే మొదలుపెట్టండి. నేను చదువుకున్న రోజుల్లో అలాగే తిరిగాను. ఎలాగో వరుసగా చెబుతాను.

ముందు ఒక రోజు మిగుల్చుకోండి

డబ్బు కంటే ముందు కావలసింది ఖాళీ రోజు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో 14 రోజులకు 48 గంటలకు మించి పని చేయకూడదు. 2023 జులై 1 నుంచి ఈ పరిమితి అమల్లో ఉంది. చాలా ఉద్యోగాల్లో ఆదివారం గంటకు ఎక్కువ డబ్బు వస్తుంది కాబట్టి ఆ షిఫ్టు వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. ఇంటి దగ్గర చదువు అప్పు ఉన్నవారికి ఆ బాధ ఇంకా ఎక్కువని నాకు తెలుసు. అందుకని ప్రతి వారమూ తిరగమని చెప్పను. రెండు వారాలకు ఒక్క రోజు చాలు. షిఫ్టుల పట్టిక చేతికి రాగానే అందులో ఒక శనివారమో ఆదివారమో ఎంచుకుని, ఆ రోజు రాలేనని ముందుగానే చెప్పేయండి. అసైన్‌మెంటు గడువు ఉన్న వారాన్ని మాత్రం వదిలేయండి. తలలో గడువు తిరుగుతుంటే కళ్ల ముందు సముద్రమున్నా కనిపించదు.

నెలకో పెద్ద ప్రయాణం, నెలకో చిన్న ప్రయాణం అనుకుంటే లెక్క సరిపోతుంది. మార్చిలో రెండో సోమవారం, జూన్‌లో రెండో సోమవారం ప్రభుత్వ సెలవులు. రాత్రి బస చేయాల్సిన ఊళ్లను ఆ మూడు రోజుల వారాంతాలకు అట్టిపెట్టుకోండి, గదులు మాత్రం రెండు నెలల ముందే చూసుకోండి.

కార్డు ఒక్కటే, ఊళ్లు ఎన్నో

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో చాలా రైళ్లకు, ట్రామ్‌లకు, బస్సులకు మైకీ కార్డే టికెట్టు. కొత్తగా వచ్చిన చాలామంది దాన్ని నగరంలో తిరిగే కార్డుగానే చూస్తారు. అసలు విలువ నగరం దాటాకే తెలుస్తుంది. 2023 మార్చి 31 నుంచి దూరపు ఊళ్లకు వెళ్లే వీలైన్ రైళ్లకు కూడా నగరంలో ఉన్నంతే దినసరి గరిష్ఠ ధర పెట్టారు. మొదలైనప్పుడు అది 9.20 డాలర్లు, శని ఆదివారాల్లో అయితే 6.70. తర్వాత కొద్దికొద్దిగా పెరిగింది కాబట్టి నేటి ధర ఒకసారి చూసుకోండి. పద్ధతి మాత్రం అదే: ఉదయం ట్రామ్ ఎక్కి, రైలు మారి, వంద కిలోమీటర్ల అవతల బస్సెక్కి రాత్రికి తిరిగి వచ్చినా ఆ రోజుకు ఆ గరిష్ఠానికి మించి కోయరు. బయట ఒక పూట భోజనానికి అంతకంటే ఎక్కువవుతుంది.

మూడు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కార్డు తాకించండి. మరిచిపోతే జరిమానా ఎన్నో ప్రయాణాల ఖర్చును మింగేస్తుంది. అయితే నగరం నడిబొడ్డున 2015 నుంచి ఉన్న ఉచిత ట్రామ్ ప్రాంతంలోనే ఎక్కి, అందులోనే దిగితే కార్డు తాకించే పని లేదు. రెండు, విద్యార్థులం కదా అని రాయితీ కార్డు కొనకండి. అంతర్జాతీయ విద్యార్థులకు ఆ సగం ధర సాధారణంగా వర్తించదు. తనిఖీలో తెలియక కొన్నానంటే వినరు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పట్టాల పనులు ఇక్కడ ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు. రైలుకు బదులు బస్సు నడుపుతారు, గంట ప్రయాణం రెండు గంటలవుతుంది. శుక్రవారం రాత్రే రవాణా శాఖ యాప్‌లో మీ మార్గం చూసుకుని పడుకోండి. తిరిగి వచ్చే ఆఖరి బస్సు సమయం కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. చిన్న ఊళ్లలో ఆదివారం బస్సులు రోజుకు రెండో మూడో ఉంటాయి, ఫోను బ్యాటరీ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

సిడ్నీలో ఉన్నవారికి ఓపల్ కార్డుతో బ్లూ మౌంటెన్స్‌లోని కటూంబా దాకా రెండు గంటల రైలు ఉంది. దక్షిణంగా హెలెన్స్‌బర్గ్‌లో 1985లో ప్రతిష్ఠించిన వేంకటేశ్వరుడి గుడి ఉంది. బ్రిస్బేన్‌లో ఉన్నవారు మరీ అదృష్టవంతులు. 2024 ఆగస్టు నుంచి క్వీన్స్‌లాండ్‌లో ఒక్కో ప్రయాణానికి 50 సెంట్లే, గోల్డ్ కోస్ట్ దాకా కూడా. వివరంగా మాత్రం నాకు బాగా తెలిసిన మెల్‌బోర్న్ చుట్టుపక్కల గురించే చెబుతాను.

మొదటి ప్రయాణం అడవికి

మొదటి నెలలో నగరాన్ని కాలినడకన చూసేయండి. 1913లో తెరిచిన గుమ్మటం కింద రాష్ట్ర గ్రంథాలయపు చదువుల గది, 1878 నుంచి నడుస్తున్న క్వీన్ విక్టోరియా మార్కెట్టు, బొటానికల్ గార్డెన్స్. వీటిలో దేనికీ ప్రవేశ రుసుము లేదు. అవి ఒక్క రోజులో అయిపోతాయి.

ఆ తర్వాత బెల్‌గ్రేవ్ రైలెక్కి చివరి స్టేషన్‌లో దిగండి. నగరం నుంచి గంటా పది నిమిషాలు. అక్కడ డాండెనాంగ్ కొండలు మొదలవుతాయి. స్టేషన్ పక్కనే పఫింగ్ బిల్లీ అనే పాత ఆవిరి బండి ఉంటుంది. 1900లో మొదలైన సన్నగేజి మార్గం అది, పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లే. టికెట్టు విద్యార్థికి భారమే. దాన్ని చూడడానికి మాత్రం టికెట్టు అక్కర్లేదు. స్టేషన్ నుంచి కొంచెం దూరం నడిస్తే రోడ్డు మీదుగా వంపు తిరిగే కొయ్య వంతెన ఉంది. బండి వచ్చే వేళ కనుక్కుని పది నిమిషాలు ముందుగా అక్కడ నిలబడండి. ముందు లోయలోంచి కూత వినిపిస్తుంది, తర్వాత చెట్ల పైన తెల్లటి పొగ కనిపిస్తుంది. ఆ తర్వాత మొత్తం వంతెన దడదడలాడుతుంటే, కిటికీ అంచుల మీద కూర్చుని కాళ్లు బయటకు వేలాడేసిన పిల్లలు మీకు చేతులు ఊపుతూ వెళ్లిపోతారు.

అక్కడి నుంచి షెర్‌బ్రూక్ అడవిలోకి నడవండి. తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తున ఉండే ఆ చెట్లను మౌంటెన్ యాష్ అంటారు. పూలు పూసే చెట్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనవి అవే. యూకలిప్టస్ జాతి, అంటే మన జామాయిల్ చెట్టుకు దగ్గరి చుట్టం. మా ఊరి పక్క తోటల్లో కాగితం మిల్లు కోసం నాలుగేళ్లకోసారి నరికే సన్నటి జామాయిల్ కర్రలనే చూసి పెరిగిన నాకు, ఆ కుటుంబానికి పుట్టిల్లు ఈ దేశమని అక్కడే స్ఫురించింది. ఒక ఆకు నలిపి వాసన చూడండి. ఇంటి దగ్గరి వాసనే. చప్పుడు చేయకుండా నడిస్తే లైర్ పక్షి కనిపించవచ్చు. నేల మీద ఆకులు కెలుక్కుంటూ పది రకాల పిట్టల అరుపులు ఒక్కటే అరుస్తుంది. చుట్టూ ఇన్ని పక్షులున్నాయా అని మీరు వెతుకుతుంటే, అదొక్కటే పొద కింద ఉంటుంది.

రెండోది బల్లరాట్

నగరంలోని సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి రైల్లో దాదాపు గంటన్నర. ఈ ప్రయాణాన్ని నేను అందరికంటే ముందు విద్యార్థులకే చెబుతాను, కారణం అక్కడి చరిత్ర. 1851లో బంగారం బయటపడగానే లోకం నలుమూలల నుంచీ జనం ఈ నేలకు వచ్చిపడ్డారు. 1858లో ఇక్కడ దొరికిన ఒక్క ముద్ద బరువు దాదాపు 69 కిలోలు. కానీ వచ్చినవారిలో ఎక్కువమందికి దక్కింది మట్టే. బంగారం దొరికినా దొరక్కపోయినా తవ్వుకునే అనుమతికి నెలనెలా రుసుము కట్టి తీరాలి, మొదట్లో అది 30 షిల్లింగులు. ఆ భారం భరించలేక గని కార్మికులు అనుమతి కాగితాలు తగలబెట్టి కంచె కట్టుకుని తిరగబడ్డారు. 1854 డిసెంబరు 3న తెల్లవారుజామున సైన్యం ఆ కంచె మీద పడింది. ఆ యురేకా పోరాటాన్ని నడిపిన పీటర్ లాలర్ చేయి పోగొట్టుకున్నాడు. తర్వాత అదే రాష్ట్ర శాసనసభకు స్పీకర్ అయ్యాడు.

చైనా నుంచి వచ్చినవారి కథ ఇంకా గుండెను పట్టేస్తుంది. 1855లో విక్టోరియా రేవుల్లో దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌండ్ల పన్ను వేశారు. అది తప్పించుకోవడానికి వారు పక్క రాష్ట్రమైన దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ అనే రేవులో దిగి, కావిళ్లు భుజాన వేసుకుని నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి ఈ గనులకు చేరారు. అప్పు చేసి విమానమెక్కిన మనకు ఆ నడక వేరేగా అర్థమవుతుంది.

బల్లరాట్‌లో ఏం చేయాలి? సావరిన్ హిల్ అనే ఆరుబయటి మ్యూజియంలో ఆనాటి ఊరిని మళ్లీ కట్టారు. టికెట్టు ఖరీదే, కానీ ఒక్కసారి పెట్టదగిన ఖర్చు. ఉదయం తెరవగానే లోపలికి వెళ్లి సాయంత్రం దాకా ఉండండి. వాగు దగ్గర పళ్లెం ఇస్తారు. ఇసుక, గులకరాళ్లు తీసుకుని నీళ్లలో మెల్లగా తిప్పుతూ పై మట్టిని పోనివ్వాలి. తొందరపడితే అన్నీ పోతాయి. పావుగంట తిప్పాక నల్లటి ఇసుక చివర సూదిమొనంత పసుపు మెరుస్తుంది. అది నిజమైన బంగారమే, చిన్న సీసాలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. డబ్బు పెట్టలేని నెలైతే మ్యూజియం వదిలేసి, లిడియార్డ్ వీధిలో పాత భవనాలు, 1884లో స్థాపించిన చిత్రశాల చూసి, వెండూరీ చెరువు చుట్టూ ఉన్న ఆరు కిలోమీటర్ల బాట నడవండి. స్వెటర్ మాత్రం మరిచిపోకండి. మెల్‌బోర్న్ కంటే అక్కడ చలి బాగా ఎక్కువ. జూన్, జులైలలో సాయంత్రం 5 దాటగానే చీకటి పడుతుంది, అందుకని పొద్దున్నే బయలుదేరండి.

సంచిలో ఏమేం ఉండాలి

పులిహోర. దీని గురించి రెండో మాట లేదు. చింతపండు పులిహోర రాత్రి కలిపి ఉంచితే మర్నాటికి ఇంకా బాగుంటుంది, వేడి చేయాల్సిన పని లేదు, రైల్లో చేత్తో తినకపోయినా చెంచాతో కానిచ్చేయవచ్చు. బయట నలుగురు తింటే అయ్యే ఖర్చుతో మరో ప్రయాణం చేయవచ్చు. వేసవిలో పెరుగన్నం మాత్రం వద్దు, ఎండకు పులిసిపోతుంది.

వేడిగా తినాలనుంటే పార్కుల్లో ఉచితంగా వాడుకునే విద్యుత్ పొయ్యిలు ఉంటాయి, బార్బెక్యూ అంటారు. చాలామంది మన పిల్లలు వాటిని దూరం నుంచి చూసి, ఎవరికో అద్దెకిచ్చినవనుకుని వెళ్లిపోతారు. అవి అందరివీ. రాతి దిమ్మె మీద పెద్ద స్టీలు పలక ఉంటుంది, దాని పక్కనే ఒక మీట. మీట నొక్కితే చిన్న దీపం వెలుగుతుంది, ఐదారు నిమిషాల్లో పలక కాగుతుంది. కొంతసేపటికి దానంతట అదే ఆగిపోతుంది, మళ్లీ నొక్కాలి. ముందు కాసిని నీళ్లు చల్లి కాగితంతో తుడవండి, పైన అల్యూమినియం రేకు పరవండి. అంతకుముందు ఎవరు ఏ మాంసం కాల్చారో తెలియదు కాబట్టి శాకాహారులకు ఆ రేకు తప్పనిసరి. రాత్రే చేసి తెచ్చుకున్న చపాతీలు, ఉప్పూకారం రాసిన మొక్కజొన్న పొత్తులు, గుడ్డు అట్లు ఇట్టే అయిపోతాయి. లేచేముందు పలకను శుభ్రంగా తుడవండి.

ఇక మిగతావి: నీళ్ల సీసా, వాన కోటు, ఎండ టోపీ, 50 ప్లస్ సన్‌స్క్రీన్. మన రంగుకు సన్‌స్క్రీన్ అక్కర్లేదనే మాట నమ్మకండి. ఇక్కడి ఎండలో వేడి తక్కువగా అనిపించినా అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి, మబ్బు పట్టిన రోజు కూడా చర్మం మాడుతుంది. ఒక క్రేప్ కట్టు కూడా ఉంచుకోండి. అడవి బాటలో పాము కాటేస్తే గాయం కడగకూడదు, కోయకూడదు. కాలంతా బిగువుగా కట్టు చుట్టి, కదలకుండా పడుకోబెట్టి 000కు ఫోను చేయాలి. ఎమర్జెన్సీ ప్లస్ అనే యాప్ దించుకుంటే మీరున్న చోటు ఎక్కడో ఫోనే చూపిస్తుంది. మ్యాపులు కూడా ముందే దించుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు. ఆరోగ్య బీమా కార్డు ఫొటో ఫోనులో ఉంచుకోండి.

వేసవిలో, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అడవికి వెళ్లేముందు విక్ ఎమర్జెన్సీ యాప్‌లో కార్చిచ్చు హెచ్చరిక చూడాలి. నాలుగు స్థాయిలు ఉంటాయి. చివరిదైన కాటస్ట్రాఫిక్ ప్రకటించిన రోజున, దాని కింది ఎక్స్‌ట్రీమ్ రోజున అడవి ఊసెత్తకండి. టికెట్లు కొనేసినా సరే.

సముద్రం దగ్గర మాత్రం నా మాట వినండి

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఈ దేశంలో మన పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తల్లో నీళ్లవే తరచుగా కనిపిస్తాయి. మా గదిలో ఉన్న ఒక మిత్రుడు గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాడు. కాలువలో, ఏటిలో ఈది దిట్ట అయినవాడు. ఒక ఆదివారం కాపలా లేని తీరంలో మొలలోతు నీళ్లలో నిలబడి ఫొటో తీయమన్నాడు. నేను ఫోను సరిచేసుకుని తలెత్తేసరికి ఇరవై గజాల అవతల ఉన్నాడు. ఈత కొడుతున్నాడు, కానీ కొట్టినకొద్దీ దూరమవుతున్నాడు. అలల మీద పలకతో ఆడుకుంటున్న ఒక పెద్దాయన చూసి, వెళ్లి తన పలకను అందించి ఒడ్డుకు తెచ్చాడు. మిత్రుడు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ఉప్పునీళ్లు కక్కుతున్నాడు, గుప్పిట్లో ఇసుకను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ సాయంత్రం రైల్లో ఎవరమూ మాట్లాడలేదు.

వాణ్ణి లాగినది రిప్ అనే ప్రవాహం. ఒడ్డుకు చేరిన నీరంతా ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా తిరిగి సముద్రంలోకి పోతుంది. మోసం ఎక్కడంటే, ఆ దారిలో అలలు విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ ఉండి, మధ్యలో నీరు ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివారు దిగేది అక్కడే.

కాబట్టి ఇవి పాటించండి. ఎరుపు, పసుపు రంగుల జెండాలు పాతిన చోట, ఆ రెండు జెండాల మధ్యనే నీళ్లలోకి దిగండి. జెండాలు లేకపోతే కాళ్లు తడుపుకోవడం కూడా వద్దు, ఒడ్డున నడవండి. ఒకవేళ ప్రవాహం లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి. బలం అయిపోయి మునిగేది అందువల్లే. వెల్లకిలా తేలుతూ ఒక చేయి పైకెత్తి ఊపండి, కేకలు వేయండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, నురగ ఉన్న వైపుకు ఈదండి. మునుగుతున్న స్నేహితుడి కోసం మీరు ఒట్టి చేతులతో దూకకండి. తేలేది ఏదైనా విసిరి, 000కు ఫోను చేయండి. అలలు కొట్టే బండల మీద, కొండ అంచున కంచె దాటి ఫొటోలు దిగకండి. మన ఊళ్లో అమ్మానాన్నలకు ఆ ఫొటో అక్కర్లేదు.

మీ విశ్వవిద్యాలయంలో, లేదా ఇంటి దగ్గరి ఈత కొలనులో తరగతులు ఉంటాయి. మొదటి వేసవికే చేరండి. ప్రయాణాల కోసం పెట్టే డబ్బులో మొదటి ఖర్చు అదే కావాలి.

నలుగురు కలిస్తే కారు

గ్రేట్ ఓషన్ రోడ్ పేరు వినని విద్యార్థి ఉండడు. టార్కీ నుంచి అల్లన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా గునపాలు, పారలతో కొండను తొలిచి వేశారు. దీన్ని చాలామంది శనివారం తెల్లవారి బయలుదేరి అర్ధరాత్రికి తిరిగొచ్చేలా ఒక్క రోజులో చేస్తారు. దయచేసి అలా చేయకండి. పన్నెండు అపొస్తలులుగా పేరుపడిన రాతి స్తంభాల దాకా సముద్రం వెంట వెళితే ఒక వైపుకే నాలుగు గంటలకు పైగా పడుతుంది. శుక్రవారం రాత్రి షిఫ్టు చేసి, శనివారం తొమ్మిది గంటలు మలుపుల రోడ్డు మీద బండి నడిపి, చీకట్లో తిరిగి వస్తే ఎదురుగా కంగారూ దూకినప్పుడు బ్రేకు మీదకు కాలు పోదు. కంగారూలు రోడ్డెక్కేది తెల్లవారుజామున, సందె వేళ. దారిలో ఉన్న అపోలో బే అనే ఊళ్లో ఒక రాత్రి ఆగండి. నడపగలిగినవారు ఇద్దరుండాలి, రెండు గంటలకోసారి మారాలి.

మన దగ్గరిలాగే ఇక్కడా ఎడమ వైపే నడపాలి, అదొక సౌకర్యం. కానీ భారతీయ లైసెన్సు మీద ఎన్ని నెలలు నడపవచ్చో ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నిబంధన, ముందే చూసుకోండి. 25 ఏళ్లలోపు వారికి అద్దె కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. వెనక సీట్లోవారు కూడా బెల్టు పెట్టుకోవాలి, ఫోను చేతపట్టుకుంటే కెమెరాలే పట్టేస్తాయి. అడిలైడ్ వైపు వెళ్లేవారు పండ్లు వెంట తీసుకెళ్లకండి. పండు ఈగల భయంతో సరిహద్దులో ఆపి పారేయిస్తారు.

కారు కుదరకపోతే జీలాంగ్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి లోర్న్, అపోలో బే వైపు బస్సెక్కండి. వెళ్లేటప్పుడు ఎడమ పక్క కిటికీ పట్టుకోండి, సముద్రం అటువైపే ఉంటుంది. అపొస్తలుల సంగతి ఒకటి: పేరుకు పన్నెండు గానీ ఎప్పుడూ అన్ని లేవు. 2005 జులైలో ఒకటి కూలిపోయింది కూడా. కెరటాలు రోజూ కొరుకుతూనే ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయాణం

మెల్‌బోర్న్ ఒడ్డున ఉన్నది నేరుగా సముద్రం కాదు, పోర్ట్ ఫిలిప్ అనే పెద్ద అఖాతం. దాని చుట్టూ ఒక్క రోజులో, కారు లేకుండా, వెళ్లిన దారిన తిరిగి రాకుండా పూర్తి ప్రదక్షిణ చేయవచ్చు. మైకీ కార్డు మీద దినసరి గరిష్ఠం, పైన ఒక పడవ టికెట్టు. అంతే ఖర్చు.

ఉదయం 8 గంటలకల్లా సదరన్ క్రాస్‌లో జీలాంగ్ రైలెక్కండి. టార్నీట్‌లో ఉండేవారు నగరానికి రానక్కర్లేదు, అదే రైలు అక్కడ ఆగుతుంది. గంటలో జీలాంగ్. సమయముంటే పది నిమిషాలు నడిచి సముద్రపు ఒడ్డుకు వెళ్లండి. పాత రేవు కొయ్య దుంగలను చెక్కి, రంగులేసి మనుషుల బొమ్మలుగా చేసి ఒడ్డు పొడవునా వంద దాకా నిలబెట్టారు. స్టేషన్‌కు తిరిగొచ్చి క్వీన్స్‌క్లిఫ్ బస్సెక్కండి, దాదాపు గంట. అక్కడ నల్లరాతితో కట్టిన దీపస్తంభం ఉంది. తెల్లటివి ఎన్ని చూసినా నల్లది చూసి ఉండరు.

రేవు నుంచి గంటకో పడవ, అవతలి ఒడ్డున ఉన్న సొరెంటోకు 40 నిమిషాలు. కార్లను కూడా పొట్టలో వేసుకుని పోయే పెద్ద పడవ అది. పై అంతస్తులో బయట నిలబడండి, డాల్ఫిన్లు కనిపించవచ్చు. అఖాతం సముద్రంలో కలిసే ఇరుకు ద్వారం దూరాన కనిపిస్తుంది. పులిహోర డబ్బా తెరిచే చోటు ఇదే. ఇంటికి ఫోను చేయడానికీ ఇదే సమయం: అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది కాబట్టి, ఇక్కడ మధ్యాహ్నం 12 అయితే ఇంట్లో ఉదయం 6:30. అమ్మ కాఫీ కలుపుతూ ఉంటుంది. వీడియో తిప్పి నీళ్లు చూపించండి.

సొరెంటోలో దిగాక ఒక మనిషిని తలచుకోండి. 1803లో బ్రిటిష్‌వారు దాదాపు 300 మంది ఖైదీలతో ఇక్కడ గుడారాలు వేశారు. మంచినీళ్లు చాలక కొద్ది నెలలకే ఎత్తేశారు. ఆలోపే విలియం బక్లీ అనే ఖైదీ తప్పించుకుని, మీరు ఉదయం నుంచి చుట్టి వస్తున్న ఇదే అఖాతం చుట్టూ అటు నుంచి ఇటు కాలినడకన వెళ్లాడు. తిండి లేక, నీరు లేక పడిపోయే స్థితిలో అవతలి ఒడ్డున ఆ నేల సొంతదారులైన వాథావురంగ్ ప్రజలు అతన్ని చేరదీశారు. ఒక సమాధి దగ్గర దొరికిన బల్లెం చేతిలో ఉండడంతో, చనిపోయిన తమ మనిషే తిరిగి వచ్చాడనుకున్నారు. 32 ఏళ్లు వారిలో ఒకడిగా బతికాడు. 1835లో మళ్లీ తెల్లజాతివారి ముందుకు వచ్చినప్పుడు సొంత భాషే నోటికి రాలేదు.

సొరెంటో ప్రధాన వీధి నుంచి 788 నంబరు బస్సు ఫ్రాంక్‌స్టన్‌కు తెస్తుంది, గంటన్నర ప్రయాణం. ఎడమ పక్కన అఖాతం కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది, కాబట్టి ఇక్కడా ఎడమ కిటికీయే. పడవ దిగిన వెంటనే బస్సు దొరకకపోవచ్చు, రెండింటి సమయాలూ ముందే కలిపి చూసుకోండి. ఫ్రాంక్‌స్టన్ నుంచి నగరానికి రైళ్లు తరచుగా ఉంటాయి, గంటకు కొంచెం ఎక్కువ పడుతుంది. సముద్రపు గాలికి అలిసి నిద్ర పడుతుంది, పట్టనివ్వండి. నగరంలో ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగేవారు ఫోనులో అలారం పెట్టుకోండి, దిగాక కార్డు తాకించండి. గదికి చేరగానే డబ్బా కడిగి, మర్నాటి తరగతి సంచీ సర్దుకుని పడుకోండి.